టైర్ల రబ్బరుకు ఏ కెటలిస్ట్ మంచిది? సిస్ శాతం ఒక్కటే చూస్తే తేలదు

వచ్చిన ప్రశ్న ఇదీ: "తిరుపతిలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ పూర్తి చేశాను. చిన్నపాండూరు వైపు టైర్ల ఫ్యాక్టరీలో ల్యాబ్ ఉద్యోగానికి ఇంటర్వ్యూ ఉంది. పాలీబ్యూటాడయీన్ రబ్బరుకు కోబాల్ట్, నికెల్, నియోడిమియం, లిథియం అని ఇన్ని కెటలిస్టులు ఎందుకు సార్? సిస్ ఎక్కువ ఉన్నదే మంచి రబ్బరు అని చదివాను. మరి 40 శాతం కూడా సిస్ లేని లిథియం రబ్బరును ఖరీదైన కారు టైర్లలో ఎందుకు వాడతారు? కెటలిస్ట్ చివరికి టైరులో మిగిలిపోతుందా?"

అమ్మా, మీ రెండో ప్రశ్న మీరే గట్టిగా పట్టుకుని లాగితే మొదటిదానికి జవాబు అందులోంచే వస్తుంది. నేను గుజరాత్‌లో ఒక రబ్బరు ప్లాంటులో పాలిమరైజేషన్ వైపు చాలాకాలం పనిచేసి, తర్వాత టైర్ల కంపెనీలో రబ్బరు మిశ్రమాలు తయారుచేసే కాంపౌండింగ్‌కు మారినవాణ్ణి. అందుకని రబ్బరు చేసేవాడి బాధ, కొనేవాడి బాధ రెండూ కలిపి చెప్తాను.

ముందుగా ఒకటి తెలుసుకోండి. టైర్ల ఫ్యాక్టరీలో మీకు ఈ కెటలిస్టులేవీ కనబడవు. వరదయ్యపాళెం మండలంలో 2020లో మొదలైన అపోలో ప్లాంటైనా, మరే టైర్ల ప్లాంటైనా, సింథటిక్ రబ్బరు వాళ్ల దగ్గరికి పాలిథిన్ చుట్టిన బేళ్లుగానే వస్తుంది. దాన్ని తయారుచేసేది పెట్రోకెమికల్ ప్లాంటు. నాఫ్తాను పగలగొట్టినప్పుడు వచ్చే నాలుగు కార్బన్ల గ్యాసుల్లోంచి బ్యూటాడయీన్‌ను వేరుచేసి, దాన్ని హెక్సేన్, సైక్లోహెక్సేన్ లాంటి ద్రావకంలో పాలిమర్‌గా మారుస్తారు. అయితే అక్కడ రియాక్టర్లో వాడిన కెటలిస్ట్ ఏదో ఇక్కడ మిక్సింగ్ హాల్లో మిల్లు దగ్గర నిలబడితే తెలిసిపోతుంది. మీ ఉద్యోగానికి ఈ చదువు పనికొచ్చేది అక్కడే.

బ్యూటాడయీన్ గొలుసులో చేరడానికి మూడు దారులున్నాయి. సిస్-1,4గా, అంటే వంపు తిరిగిన ఆకారంలో చేరితే దాదాపు మైనస్ 105 డిగ్రీల దాకా మెత్తగా ఉండే రబ్బరు వస్తుంది. మొత్తం ట్రాన్స్-1,4గా, అంటే చాచిన ఆకారంలో చేరితే మామూలు ఉష్ణోగ్రతలోనే స్ఫటికాలు కట్టి గట్టిగా ప్లాస్టిక్‌లా ఉంటుంది. వెనేడియం కెటలిస్టులతో అలాంటిది చేయొచ్చు. 1,2గా, అంటే వినైల్‌గా చేరితే పక్కకు చిన్న కొమ్మ ఒకటి మిగిలిపోతుంది. ఆ కొమ్మలు పెరిగేకొద్దీ రబ్బరు చలికి తొందరగా బిగుసుకుంటుంది. మోనోమర్ (గొలుసులో చేరే ముడి అణువు, ఇక్కడ బ్యూటాడయీన్) ఒకటే, సిలిండరు ఒకటే. ఏ దారిన చేరాలో తేల్చేది కెటలిస్ట్.

ఎలా తేలుస్తుందనేది కూడా తెలుసుకోవాలి, ఇంటర్వ్యూలో అడిగే అవకాశం ఉంది. కోబాల్ట్, నికెల్, నియోడిమియం లాంటి లోహం దగ్గరికి బ్యూటాడయీన్ వచ్చినప్పుడు తన రెండు డబుల్ బాండ్లతోనూ లోహాన్ని పట్టుకుంటే, అది వంగిన ఆకారంలో పట్టుకోవాల్సి వస్తుంది. ఆ వంపు అలాగే గొలుసులోకి దిగి సిస్ అవుతుంది. ఒక్క డబుల్ బాండుతోనే పట్టుకుంటే చాచిన ఆకారం, దాన్నుంచి ట్రాన్స్. సిస్‌గా చేరిన చివరి ముక్క కూడా తర్వాతి మోనోమర్ వచ్చేలోపు తిరగబడి ట్రాన్స్ వైపు మారగలదు. మోనోమర్ గాఢంగా ఉండి తొందరగా వచ్చి చేరితే ఆ తిరగబడే టైమ్ దానికి దొరకదు. లోహం పక్కన ఇంకేదైనా వచ్చి చోటు ఆక్రమిస్తే మొత్తం కథ మారుతుంది. కోబాల్ట్‌నే చూడండి. మామూలుగా 96, 97 శాతం సిస్ ఇచ్చే కోబాల్ట్‌కు కార్బన్ డైసల్ఫైడ్ తగిలిస్తే సిండియోటాక్టిక్ (పక్క కొమ్మలు ఒకటి అటు, ఒకటి ఇటు వరసగా ఉండే) 1,2 పాలిమర్ ఇస్తుంది, అది ప్లాస్టిక్. జపాన్‌లో ఉబే కంపెనీ ఈ రెండు పనుల్నీ ఒకదాని తర్వాత ఒకటి చేయించి, సిస్ రబ్బరులో ఆ గట్టి పాలిమర్ సన్నటి పోగులుగా ఉండే రకాన్ని అమ్ముతోంది. కాబట్టి "కోబాల్ట్ ఏం చేస్తుంది" అని ఎవరైనా అడిగితే, పక్కన ఏముంది అని తిరిగి అడగాలి.

కోబాల్ట్ విషయంలో నాకు ఎప్పటికీ ముచ్చటగా అనిపించేది నీళ్ల సంగతి. కోబాల్ట్ ఆక్టోయేట్, డైఇథైల్ అల్యూమినియం క్లోరైడ్ కలిపితే కెటలిస్ట్ అవుతుందని పుస్తకంలో ఉంటుంది. కానీ అన్నీ ఎముకల్లా ఆరబెట్టి కలిపితే అది సరిగ్గా పనిచేయదు. కొలిచిన చిటికెడు నీళ్లు కావాలి. ఆ నీళ్లు అల్యూమినియం సమ్మేళనాన్ని కొంత విడగొట్టి, ఆక్సిజన్ వంతెనలున్న మరింత చురుకైన రూపంగా మారుస్తాయి. నీళ్లు తగ్గితే రియాక్షన్ నిద్రపోతుంది, ఎక్కువైతే గొలుసులు కొమ్మలు వేసి జెల్ కడతాయి. రియాక్టర్లో జెల్ కట్టిందంటే షిఫ్టు వాళ్లకు ఆ రాత్రి నిద్ర ఉండదు. అందుకే కోబాల్ట్ ప్లాంటులో నీళ్లను కూడా ఒక ముడిసరుకులా మీటరు పెట్టి కొలుస్తారు.

కోబాల్ట్ రబ్బరు గొలుసులకు సహజంగానే కొంచెం కొమ్మలుంటాయి. నికెల్ రబ్బరు సిస్‌లో దీనికి దగ్గరిదే, 96, 97 శాతం. నికెల్ నాఫ్తనేట్, ట్రైఇథైల్ అల్యూమినియం, బోరాన్ ట్రైఫ్లోరైడ్ ఈథరేట్ కలిసిన ఆ పద్ధతి జపాన్‌లో పుట్టి, తూర్పు ఆసియా అంతా పాకింది. ఫ్లోరిన్ ఉంది కాబట్టి పైపుల తుప్పు తలనొప్పి దానికి తప్పదు. టైటానియం టెట్రాఅయొడైడ్‌తో 1950ల్లో ఫిలిప్స్ కంపెనీ మొదలుపెట్టిన పద్ధతికి చరిత్రలో గౌరవమైన చోటే ఉంది. సిస్ 92, 93 శాతం దగ్గర ఆగిపోతుంది, అయొడిన్ ఖర్చు. ఇంటర్వ్యూకి అంతకంటే అక్కర్లేదు.

నియోడిమియం దగ్గర మాత్రం కాసేపు ఆగాలి. లాంథనైడ్లతో డయీన్లను పాలిమర్ చేసే పని 1960ల్లో చైనాలో, చాంగ్‌చున్ పరిశోధన సంస్థలో మొదలైంది. 1980ల్లో జర్మనీ బేయర్, ఇటలీ ఎనీకెమ్ దాన్ని వ్యాపార స్థాయికి తెచ్చాయి. అందరూ చెప్పే అంకె 98 శాతం సిస్. కోబాల్ట్ 97 అయినప్పుడు ఆ ఒక్క శాతం కోసం ఇంత హడావిడి ఎందుకు అని మీకు అనుమానం రావాలి. అసలు తేడా రెండు చోట్ల ఉంది. మొదటిది, గొలుసు నిటారు: కొమ్మలు దాదాపు ఉండవు. రెండోది, వంపుల్లో తేడా లేకుండా ఒకే తీరుగా సాగే గొలుసు కాబట్టి, రబ్బరును గట్టిగా సాగదీసినప్పుడు గొలుసులు పక్కపక్కన సర్దుకుని తాత్కాలికంగా స్ఫటికాలు కడతాయి. మన సహజ రబ్బరుకు చీలికను ఆపే శక్తి వచ్చేది సరిగ్గా ఈ గుణం వల్లే. అందుకే పదే పదే వంగే టైరు పక్క భాగమైన సైడ్‌వాల్‌లో, రోడ్డును తాకే, అరుగుదల తగ్గాల్సిన ట్రెడ్‌లో నియోడిమియం రబ్బరుకు గిరాకీ.

దీని కెటలిస్టులో మూడు భాగాలు: నియోడిమియం వర్సటేట్, డైఐసోబ్యూటైల్ అల్యూమినియం హైడ్రైడ్, క్లోరిన్ ఇచ్చే ఇథైల్ అల్యూమినియం సెస్క్విక్లోరైడ్. వీటిని ఏ వరసలో కలిపారు, కలిపాక ఎంతసేపు నానబెట్టారు, నానబెట్టేటప్పుడు కొంచెం బ్యూటాడయీన్ వేశారా లేదా అన్నదాన్ని బట్టి చురుకుదనం మారుతుంది. గొలుసు పొడవును నియంత్రించేది ఆ హైడ్రైడే. ఎక్కువ వేస్తే గొలుసులు పొట్టివవుతాయి, సిస్ కూడా కాస్త దిగుతుంది.

ఇక కొనేవాడి బాధ. కంది కట్టెల మోపులో కట్టెలు ఒకదాని మీద ఒకటి జారిపోతాయి; తుమ్మ కంప కుప్ప కదలదు. కొమ్మల్లేని నియోడిమియం రబ్బరు బేలు కూడా అలాగే తన బరువుకు తనే నెమ్మదిగా జారుతుంది. దీన్నే కోల్డ్ ఫ్లో అంటారు. మే నెలలో మన రేణిగుంట, శ్రీకాళహస్తి వైపు రేకుల గోడౌన్లో బేళ్లు ఒకదానిమీద ఒకటి పేర్చి వదిలేస్తే అడుగు వరస అప్పడంలా పరుచుకుని పాలిథిన్ చించుకుని బయటికొస్తుంది. మిల్లు వేడెక్కితే రోలును సరిగ్గా పట్టుకోదు, సంచిలా వేలాడుతుంది. ఆపరేటర్లు దీన్ని తిట్టినన్ని తిట్లు ఇంకే రబ్బరునూ తిట్టరు. తయారీదారులు ఇప్పుడు రియాక్షన్ చివర్లో ఏదో ఒకటి కలిపి కొద్దిగా కొమ్మలు వేయించి ఈ ఇబ్బంది తగ్గిస్తున్నారు. ధర ఇంకో చిక్కు. అయస్కాంతాల వాళ్లకీ నియోడిమియమే కావాలి. 2010, 2011లో చైనా ఎగుమతులు బిగించినప్పుడు అరుదైన లోహాల ధరలు ఎలా ఎగిరాయో చూసినవాళ్లెవరూ కోబాల్ట్ సరఫరాదారుల్ని పూర్తిగా వదులుకోరు. నా అభిప్రాయం అడిగితే, బస్సు, లారీ టైరు సైడ్‌వాల్‌కు నియోడిమియం పెట్టిన డబ్బుకు తగ్గ ఫలితం ఇస్తుంది. మామూలు స్కూటర్ టైరుకు కోబాల్ట్ చాలు.

ఇక మీ అసలు అనుమానం, లిథియం. నార్మల్ బ్యూటైల్ లిథియం నిజానికి కెటలిస్ట్ కాదు, ఇనీషియేటర్. ప్రతి లిథియం ఒక గొలుసును మొదలుపెట్టి, ఆ గొలుసు చివర తనే కూర్చుంటుంది. మోనోమర్ అయిపోయినా ఆ చివర చావదు, ఇంకా పోస్తే ఇంకా పెరుగుతుంది. 1956లో కెమిస్ట్ ష్వార్క్ ఇలాంటి బతికున్న పాలిమర్ల గురించి రాసినప్పటి నుంచీ దీని లెక్క చాలా సులువు: మోనోమర్ గ్రాములను లిథియం మోల్స్‌తో భాగిస్తే గొలుసు బరువు వస్తుంది. 100 గ్రాముల బ్యూటాడయీన్‌కు అర మిల్లీమోల్, అంటే 32 మిల్లీగ్రాముల బ్యూటైల్ లిథియం వేస్తే గొలుసు బరువు 2,00,000.

ఈ లెక్కలోనే ప్రమాదం కూడా కనిపిస్తుంది. అర మిల్లీమోల్ నీళ్లంటే 9 మిల్లీగ్రాములు. 100 గ్రాముల బ్యూటాడయీన్, 600 గ్రాముల హెక్సేన్ ఉన్న పాత్రలో 13 పీపీఎం (పదిలక్షల్లో 13 వంతులు) నీళ్లుంటే చాలు, లిథియం మొత్తం చచ్చిపోతుంది. కోబాల్ట్‌కు ప్రాణం పోసిన నీళ్లే దీనికి విషం. నిల్వలో బ్యూటాడయీన్ తనంతట తను పాలిమర్ కాకుండా టెర్షియరీ బ్యూటైల్ క్యాటికాల్ కలుపుతారు, దాని హైడ్రాక్సిల్ కూడా లిథియాన్ని తినేస్తుంది. అందుకే దాన్ని ముందే తీసేయాలి. తీసేశాక బ్యూటాడయీన్ కాపలా లేని సరుకు. పైపుల్లో కదలకుండా నిలిచిన చోట పాప్‌కార్న్‌లా పెరిగే పాలిమర్ ఉక్కు గొట్టాన్ని కూడా చీల్చగలదు. 2019 నవంబరులో అమెరికాలో టెక్సస్‌లోని పోర్ట్ నెచెస్ ప్లాంటు పేలుడుకు కారణం అదే. పైన చెప్పిన అల్యూమినియం ఆల్కైల్స్, బ్యూటైల్ లిథియం అన్నీ గాలి తగిలితే అంటుకునేవే. వాటి మంటకు నీళ్లు కొట్టకూడదు. పొడి పౌడర్, ఇసుక వాడాలి. మీరు ఎప్పుడైనా రబ్బరు తయారీ వైపు వెళితే మొదటి రోజే నేర్చుకోవాల్సింది ఇది.

లిథియంతో మామూలు ద్రావకంలో సిస్ దాదాపు 35 నుంచి 38, ట్రాన్స్ 50 పైన, వినైల్ 10 దగ్గర ఉంటాయి. సిస్ పోటీలో ఇది ఎప్పుడూ ఓడిపోతుంది. కానీ టెట్రాహైడ్రోఫ్యూరాన్, టీఎమ్ఈడీఏ లాంటివి కొద్దిగా వేస్తే వినైల్ మనకు కావలసినంత పెంచుకోవచ్చు. స్టైరీన్ కలిపితే అది గుంపులు కట్టకుండా గొలుసంతా చెదిరేలా చేసుకోవచ్చు. అదే ఎస్‌ఎస్‌బీఆర్, సొల్యూషన్ స్టైరీన్ బ్యూటాడయీన్ రబ్బరు. స్టైరీన్, వినైల్ రెండింటినీ అటూ ఇటూ జరిపి రబ్బరు బిగుసుకునే ఉష్ణోగ్రతను మైనస్ 70 నుంచి మైనస్ 20 దాకా ఎక్కడ కావాలంటే అక్కడ పెట్టుకోవచ్చు. కోబాల్ట్‌తో గానీ నియోడిమియంతో గానీ ఈ పని చేయలేం.

"మన తిరుపతిలో చలికాలంలో స్వెట్టర్ కూడా అంతగా అక్కర్లేదు, మైనస్ 50తో మనకేం పని" అంటారేమో. టైరు తడి రోడ్డు మీద జారుతూ ఆగేటప్పుడు రోడ్డు గరుకు ఒక సెకనులో వేలసార్లు, లక్షలసార్లు రబ్బరును కదిలిస్తుంది. అంత వేగంలో రబ్బరు, చాలా తక్కువ ఉష్ణోగ్రతలో ఉన్నట్టే ప్రవర్తిస్తుంది. అందుకే ల్యాబ్‌లో 10 హెర్ట్జ్ దగ్గర, సున్నా డిగ్రీల టాన్ డెల్టా (కదిలించిన శక్తిలో ఎంత వేడిగా పోతుందో చెప్పే అంకె) చూసి తడి పట్టును, 60 డిగ్రీల టాన్ డెల్టా చూసి రోలింగ్ రెసిస్టెన్స్‌ను అంచనా వేస్తారు. సున్నా దగ్గర ఎక్కువ, 60 దగ్గర తక్కువ కావాలి. పట్టు పెరగాలి, పెట్రోలు ఖర్చు తగ్గాలి. సిస్ పాలీబ్యూటాడయీన్‌కు 60 దగ్గర బాగుంటుంది గానీ సున్నా దగ్గర పట్టు చాలదు. వానలో తిరుమల ఘాట్ రోడ్డు దిగే కారుకు బీఆర్ (పాలీబ్యూటాడయీన్ రబ్బరు) మరీ ఎక్కువైన ట్రెడ్ వేస్తే అరుగుదల తక్కువగానే ఉంటుంది, మలుపు దగ్గర మాత్రం గుండె గుభేలుమంటుంది. కొండ మీదికి వెళ్లే బస్సు సంగతి వేరు. అంత బరువుతో మలుపు మలుపుకీ నలిగే టైరులో వేడి పుట్టకపోవడం ముఖ్యం కాబట్టి ట్రెడ్‌లో సహజ రబ్బరే ప్రధానం. బీఆర్ దానికి తోడు మాత్రమే.

లిథియం అసలు గొప్పతనం ఇంకోటుంది. గొలుసు చివర ఇంకా బతికే ఉంటుందని చెప్పాను కదా, ఆ చివరకు మనకు కావలసింది అతికించొచ్చు. ఆల్కాక్సీసైలేన్ లాంటిది పెడితే గొలుసు కొస, రబ్బరుకు బలం కోసం కలిపే సిలికా రేణువుకు అంటుకుంటుంది. అంటుకోని కొసలు గాలిలో ఊగుతూ ప్రతి చుట్టుకూ శక్తిని వేడిగా తగలేస్తుంటాయి, అంటుకుంటే ఆ నష్టం తగ్గుతుంది. టిన్ టెట్రాక్లోరైడ్‌తో నాలుగు గొలుసులను కలిపితే, మిక్సర్ వేడికి ఆ టిన్ బంధం తెగి, బలం కోసం కలిపే మసి పొడి, అంటే కార్బన్ బ్లాక్‌కు అతుక్కుంటుంది. 1992లో మిషలిన్ సిలికా ట్రెడ్ ఉన్న కారు టైరును మార్కెట్లోకి తెచ్చాక ఎస్‌ఎస్‌బీఆర్ దశ తిరిగింది. సిస్ 40 లేని రబ్బరు ఖరీదైన టైరులోకి వచ్చిన దారి ఇదీ.

ఈఎస్‌బీఆర్ (ఎమల్షన్ స్టైరీన్ బ్యూటాడయీన్ రబ్బరు) గురించి ఎక్కువ చెప్పను. సబ్బు నీళ్లలో, 5 డిగ్రీల దగ్గర, ఇనుము, పెరాక్సైడ్ జంటతో ఫ్రీ ర్యాడికల్ పద్ధతిలో చేస్తారు. స్టైరీన్ సాధారణంగా 23.5 శాతం. గొలుసు ఆకారం మన చేతిలో ఉండదు, కానీ చవక, మిల్లు మీద మాట వింటుంది. మన దేశంలో సింథటిక్ రబ్బరు మొదలైంది దీనితోనే. 1963లో బరేలీలో, మొలాసిస్ నుంచి తీసిన ఆల్కహాలుతో చేసేవారు. ఇప్పుడు పానిపట్, హజీరాల నుంచి వస్తుంది. ట్యూబ్‌లెస్ టైరులో గాలి పోకుండా లోపల వేసే హాలోబ్యూటైల్ పొర మాతృక బ్యూటైల్ రబ్బరు. దాన్ని మిథైల్ క్లోరైడ్‌లో అల్యూమినియం క్లోరైడ్‌తో, మైనస్ 95 డిగ్రీల ప్రాంతంలో చేస్తారు. అంత చలి ఎందుకంటే వేడి ఎక్కితే గొలుసులు పొట్టిగానే ఆగిపోతాయి.

కెటలిస్ట్ మిగులుతుందా అన్నారు. మిగులుతుంది, పీపీఎంలలో. రియాక్షన్‌ను నీళ్లు, ఆమ్లం లాంటివి వేసి ఆపి, యాంటీఆక్సిడెంట్ కలిపి, ఆవిరితో ద్రావకాన్ని తరిమేస్తారు. లోహం చాలావరకు రబ్బరులోనే ఉండిపోతుంది. 100 గ్రాములకు 0.1 మిల్లీమోల్ నియోడిమియం వాడితే, ఏమీ కడగకపోతే 144 పీపీఎం అవుతుంది. కోబాల్ట్, నికెల్ తమ వేలెన్సీ మార్చుకోగలవు కాబట్టి రబ్బరు ఆక్సీకరణను ఎగదోస్తాయి, నియోడిమియం +3 దగ్గరే స్థిరంగా కూర్చుంటుంది. నియోడిమియం రబ్బరు తొందరగా ముదరదని చెప్పడానికి ఇదొక కారణం. తమాషా ఏమిటంటే, ఇలా కోబాల్ట్‌ను భయంగా చూసే టైర్ల ఫ్యాక్టరీయే ఉక్కు తీగ మీద వేసే రబ్బరులో కోబాల్ట్ లవణాన్ని కావాలని కలుపుతుంది. తీగ మీది ఇత్తడికి రబ్బరు గట్టిగా అతకాలంటే అది కావాలి. ఇంటర్వ్యూలో "టైరులో కోబాల్ట్ ఎందుకు" అని అడిగితే పాలీబ్యూటాడయీన్ దగ్గరే ఆగిపోకండి.

వాళ్లు మీ ముందు రెండు బీఆర్ బేళ్లు పెట్టి, రెండిటికీ మూనీ విస్కాసిటీ (ముడి రబ్బరు ఎంత గట్టిగా తిరుగుతుందో చెప్పే అంకె) 45, సిస్ 97, 98 అని రాసిన సర్టిఫికెట్లు ఇచ్చి, ఏది నియోడిమియందో ఎలా కనిపెడతావని అడిగారనుకోండి. బూడిద చేసి లోహం పరీక్షిస్తానని చెప్పొచ్చు, తప్పులేదు. దానికంటే ముందు టొలీన్‌లో 5 శాతం ద్రావణం చేసి విస్కాసిటీ కొలుస్తానని చెప్పండి. మూనీ ఒకటే అయినా నిటారు గొలుసుల ద్రావణం చిక్కగా ఉంటుంది, కొమ్మలున్నది పల్చగా పారుతుంది. ద్రావణం విస్కాసిటీకి, మూనీకి ఉన్న నిష్పత్తి మీకు గొలుసు ఆకారం చెప్పేస్తుంది. మిక్సింగ్‌లో కరెంటు ఎంత లాగుతుంది, ఎక్స్‌ట్రూడర్ నుంచి ట్రెడ్ నున్నగా వస్తుందా గరుకుగా వస్తుందా, గోడౌన్లో ఎన్ని వరసలు పేర్చాలి, ఇవన్నీ సిస్ శాతం కంటే ఆ నిష్పత్తిని బట్టే ముందుగా ఊహించగలరు.